కండల కారుకు తగిన చక్రం



తేరును చూసినా, ఎడ్లబండిని చూసినా, మోటారు కారును చూసినా మన కన్ను ముందుగా పోయేది చక్రం మీదికే. పసివాడి చేతికి పలకా బలపం ఇచ్చి బండి బొమ్మ గీయమంటే, ముందు రెండు సున్నాలు చుట్టి ఆ తర్వాతే మిగతా బండి గీస్తాడు. చక్రం మారితే బండి ముఖమే మారిపోతుంది. అందుకే పాత కారును బాగుచేయించుకునే ప్రతివారికీ ఏదో ఒకనాడు ఈ ప్రశ్న ఎదురవుతుంది: దీనికి ఎలాంటి చక్రాలు వేయించాలి?

ఈ ప్రశ్నను ఈనాటి ప్రసంగంలో ఒక ప్రత్యేకమైన కార్ల జాతికి సంబంధించి పరిశీలిద్దాం. అవి అమెరికాలో 1960లలో పుట్టిన కార్లు. అక్కడ వాటిని మజిల్ కార్లు అంటారు. మన మాటల్లో చెప్పుకుంటే కండల కార్లు. వీటితో మనకేమిటి పని అని మీరు అడగవచ్చు. సినిమాల్లో వీటిని చూసి మోజుపడే కుర్రవాళ్ళు మన ఊళ్ళలోనూ ఉన్నారు. అమెరికాలో స్థిరపడి, అలాంటి పాత కారొకటి కొనుక్కుని సెలవు రోజుల్లో దానితోనే కాలక్షేపం చేసే మనవాళ్ళూ ఉన్నారు. పైగా ఆ కార్లకు చక్రం ఎంచుకోవడంలో ఉన్న తర్కం, మన వీధిలో తిరిగే చిన్న కారుకూ అంతే వర్తిస్తుంది.

ముందుగా ఆ కార్ల పుట్టుక గురించి రెండు మాటలు. మధ్యరకం సైజు కారులో పెద్ద కారు ఇంజను పెట్టడం, ధర మాత్రం మామూలు ఉద్యోగస్థుడికి అందేటట్లు ఉంచడం - ఇదీ ఆ కార్ల సూత్రం. 1964 మోడలుగా వచ్చిన పాంటియాక్ జి.టి.ఓ. ఈ సూత్రానికి పేరు తెచ్చిపెట్టింది. మధ్యరకం కార్లలో 330 ఘనపుటంగుళాలకు మించిన ఇంజను పెట్టరాదని జనరల్ మోటార్స్ సంస్థ తనకు తానే నియమం పెట్టుకుంది. పాంటియాక్ ఇంజనీర్లు 389 ఘనపుటంగుళాల ఇంజనును కారుతో పాటు నేరుగా ఇవ్వకుండా, కోరుకున్నవారికి అదనపు సామగ్రిగా ఇచ్చి ఆ నియమాన్ని పక్కనుంచి దాటారు. మామూలు రకం శక్తి 325 గుర్రాలు, మూడు కార్బురేటర్ల రకానిది 348. ఆ వెనుకనే షెవర్లే షెవెల్, డాడ్జ్ చార్జర్, ప్లిమత్ రోడ్ రన్నర్ వంటివి వరుసగా వచ్చాయి. ఫోర్డ్ ముస్టాంగ్ ఆకారంలో చిన్నదైనా, పెద్ద ఇంజను పెట్టుకుని ఇదే పంక్తిలో కూర్చుంది.

ఈ వైభవం పదేళ్ళు కూడా నిలవలేదు. బీమా సంస్థలు ఈ కార్లకు రుసుము పెంచాయి. 1970లో వాయు కాలుష్యాన్ని అదుపుచేసే చట్టం వచ్చింది. 1973లో చమురు సంక్షోభం వచ్చిపడింది. దానితో ఆ తరం ముగిసింది. ప్లిమత్ అనే పేరు 2001లో, పాంటియాక్ అనే పేరు 2010లో మూతపడ్డాయి. అంటే ఈనాడు ఒక పాత జి.టి.ఓ.కు చక్రం ఎంచుకుంటున్నవాడు, ఇక తయారు కాని వస్తువు మీద చెయ్యి వేస్తున్నాడన్నమాట.

ఇక ఆ కాలంలో ఉండిన చక్రాల రకాలు చూద్దాం. స్థూలంగా మూడు తరగతులు.

మొదటిది సాదా ఉక్కు చక్రం. ఉక్కు రేకును అచ్చులో ఒత్తి చేసినది. నడుమ చిన్న గిన్నెను బోర్లించినట్లు ఒక మూత ఉంటుంది. కుక్కకు అన్నం పెట్టే గిన్నెలా ఉందని అక్కడివాళ్ళు ఆ మూతకు అదే పేరు పెట్టారు. ఇది పేదవాడి చక్రమనుకుంటే పొరపాటు. 1968లో ప్లిమత్ రోడ్ రన్నర్ వచ్చినప్పుడు దాని గొప్పే అది: ఆడంబరాలు తీసేశాం, డబ్బంతా ఇంజనులో పెట్టాం అని చెప్పుకున్న కారు. మూడువేల డాలర్ల లోపు ధరకు దొరికిన ఆ కారుకు సాదా ఉక్కు చక్రం దాని స్వభావాన్ని చెప్పే గుర్తు. ఓడలు బళ్ళవుతాయి, బళ్ళు ఓడలవుతాయి అన్నట్లు, ఆ చవక చక్రమే ఇప్పుడు రసికులు వెతుక్కునే వస్తువైంది.

రెండవది, కార్ల కంపెనీలే అదనపు ధరకు అమ్మిన అలంకార చక్రం. పాంటియాక్ 1967 నుంచి ఇచ్చిన ర్యాలీ టూ, అదే ఏడు షెవర్లే తెచ్చిన ర్యాలీ చక్రం, మిషిగన్ రాష్ట్రంలోని లాన్సింగ్‌లో ఉండిన మోటార్ వీల్ కార్పొరేషన్ చేసిన మాగ్నమ్ 500 - ఇవి ఈ కోవలోవి. చూపుకు పోత చక్రాల్లా కనిపించినా ఇవి కూడా ఒత్తిన ఉక్కువే. మాగ్నమ్ 500కు అయిదు ఆకులు. ఆకులంటే తెలుసుగదా, బండి చక్రానికి నడుమ నుంచి అంచుదాకా పోయే కమ్మీలు. ఫోర్డ్ వారూ, క్రైస్లర్ వారూ కూడా దీన్ని తమ కార్లకు వాడుకున్నారు. పోటీదారులు ఒకే చక్రాన్ని పంచుకోవడం వింతే.

మూడవది, బయటి కంపెనీలు చేసి అంగళ్ళలో అమ్మినది. దీని మూలం పరుగు పందాల మైదానంలో ఉంది. టెడ్ హాలిబ్రాండ్ అనే అమెరికన్ పందెపు కార్లకు మెగ్నీషియం లోహంతో తేలికైన చక్రాలు పోతపోశాడు. ఆ మెగ్నీషియం పేరును కత్తిరించి జనం 'మాగ్' చక్రం అన్నారు. మెగ్నీషియం తేలికే గాని తేమకు త్వరగా చివికిపోతుంది. నిప్పంటుకుంటే ఆర్పడం కష్టం. అందుచేత వీధి కార్లకు అల్యూమినియం వచ్చింది. లోహం మారినా మాగ్ అనే పేరు మాత్రం నిలిచిపోయింది. 1964లో వచ్చిన క్రాగర్ ఎస్.ఎస్. చక్రంలో నడిమి భాగం అల్యూమినియం పోత, చుట్టూ రిమ్ము ఉక్కు, పైన అద్దంలాంటి క్రోమియం పూత. అమెరికన్ రేసింగ్ కంపెనీ వారి టార్క్ థ్రస్ట్ చక్రానికి అయిదు ఆకులు, నడుమ లావుగా మొదలై అంచుకు పోయేకొద్దీ సన్నబడతాయి. ఆకుల మధ్య ఖాళీ ఎక్కువ కావడం వల్ల బ్రేకులకు గాలి బాగా తగులుతుంది. అంటే ఆ అందం ఊరికే పుట్టలేదు, పనిలోంచి పుట్టింది.

ఈ టార్క్ థ్రస్ట్ చక్రానికి లోకమంతా పేరు తెచ్చినది 1968లో వచ్చిన 'బుల్లిట్' సినిమా. శాన్ ఫ్రాన్సిస్కో మిట్టపల్లాల వీధుల్లో స్టీవ్ మెక్వీన్ నడిపిన ముదురాకుపచ్చ ముస్టాంగ్‌కు ఇవే చక్రాలు. దాన్ని తరిమి, ఆ తర్వాత తానే తరమబడిన నల్ల డాడ్జ్ చార్జర్‌కు మామూలు వీల్ క్యాపులు. ఆ దృశ్యంలో చార్జర్ నుంచి క్యాపులు ఊడి దొర్లిపోతూ ఉంటాయి. లెక్కపెట్టిన ప్రేక్షకులు, నాలుగు చక్రాల కారుకు నాలుగుకు మించి క్యాపులు ఊడాయేమిటని ఈనాటికీ నవ్వుకుంటారు. ఒకే పరుగును పలుమార్లు చిత్రీకరించి అతికినందువల్ల వచ్చిన తమాషా అది. ఆ ముస్టాంగ్ కారే 2020 జనవరిలో ఫ్లారిడాలో వేలానికి వచ్చి, కమిషన్‌తో కలిపి 37 లక్షల 40 వేల డాలర్లకు అమ్ముడుపోయింది. గమనించవలసినదేమంటే, కొత్త రంగులు పూయకుండా, మరమ్మతుల మెరుగులు దిద్దకుండా, కాలం చేసిన గాట్లతో ఉన్నది ఉన్నట్లుగానే అది అమ్ముడయింది.

ఇన్ని రకాలు ఉన్నాయి కదా, ఏది ఎంచుకోవాలి? చాలామంది బొమ్మ చూసి చక్రం కొంటారు. తెచ్చాక అది కారుకు పట్టదు. పట్టినా మడ్‌గార్డుకు రాచుకుంటుంది. పైన పటారం, లోన లొటారం అన్నట్లవుతుంది వ్యవహారం. కాబట్టి మనం మూడు ప్రశ్నలు వేసుకుందాం, ఈ వరుసలోనే. ఒకటి, చక్రం కారుకు సరిగ్గా కూర్చుంటుందా? రెండు, ఈ కారుతో నేనేం పని చేయిస్తాను? మూడు, ఏ రూపం దీనికి నప్పుతుంది? రూపం మూడవది, మొదటిది కాదు.

మొదటి ప్రశ్న. చక్రాన్ని కారుకు బిగించే బోల్టులు ఒక వలయంలో ఉంటాయి. ఆ వలయం వ్యాసం కంపెనీని బట్టి మారుతుంది. జి.టి.ఓ., షెవెల్, కమారో వంటి జనరల్ మోటార్స్ కార్లకు అయిదు బోల్టులు, వలయం నాలుగుముప్పావు అంగుళాలు. ఎనిమిది సిలిండర్ల ముస్టాంగ్‌కు, చార్జర్, రోడ్ రన్నర్‌లకు అయిదు బోల్టులే గాని వలయం నాలుగున్నర అంగుళాలు. తొలినాటి ముస్టాంగ్‌లలో ఆరు సిలిండర్ల రకానికి నాలుగే బోల్టులు. 1972 వరకు డాడ్జ్ డార్ట్ వంటి చిన్న కార్లకు వలయం నాలుగు అంగుళాలే.

ఇక్కడే ఒక ప్రమాదం పొంచి ఉంది. నాలుగుముప్పావు అంగుళాలంటే 120.65 మిల్లీమీటర్లు. కొన్ని యూరపు కార్ల వలయం 120 మిల్లీమీటర్లు. తేడా ఒక మిల్లీమీటరు కూడా లేదు కదా అని ఒకదాని చక్రం మరొకదానికి బిగించేవారున్నారు. నట్టు ఎక్కుతుంది, బిగుసుకున్నట్లే కనిపిస్తుంది. కాని అది తన గుంటలో నిండుగా కూర్చోదు. బోల్టు మీద పక్కకు లాగే ఒత్తిడి పడుతుంది. కొన్నాళ్ళకు నట్టు వదులు కావచ్చు, బోల్టు తెగనూవచ్చు. వేగంగా పోయే కారుకు చక్రం ఊడితే నష్టపోయేది అందులో ఉన్నవాడొక్కడే కాదు, ఎదురుగా వచ్చేవాడు కూడా. నట్ల ఆకారం సంగతీ ఇంతే. కొన్ని చక్రాలకు శంఖువులాంటి మొనగల నట్లు, కొన్ని పాత మాగ్ చక్రాలకు గొట్టంలాంటి కాడతో వాషరు వేసి బిగించే నట్లు. ఒకదాని నట్టు మరొకదానికి వాడరాదు.

క్రైస్లర్ వారి కార్లకు ఇంకో విశేషం ఉంది. 1970 మోడలు వరకు వాటి ఎడమవైపు చక్రాల బోల్టులకు ఎడమ మర ఉండేది. మన మెకానిక్కులు ఉల్టా మర అంటారే, అదే. ఇది తెలియక మామూలు దిక్కుకే తిప్పి విప్పబోతే నట్టు ఇంకా బిగుసుకుని చివరకు బోల్టు విరుగుతుంది. పాత యంత్రం ముందు బలం కన్నా తెలివిడి ముఖ్యమని ఇలాంటివే నేర్పుతాయి.

బోల్టులు కుదిరాక చూడవలసినది చక్రం లోతు. చక్రాన్ని బోర్లా పడుకోబెట్టి, వెనుక అంచు నుంచి, హబ్బుకు ఆనే ముఖం దాకా కొలిస్తే వచ్చే దూరమే ఈ లోతు. దీన్ని బ్యాక్ స్పేసింగ్ అంటారు. ఒక చిన్న లెక్క చూడండి. ఏడు అంగుళాల వెడల్పు చక్రమంటే టైరు కూర్చునే చోట ఏడు అంగుళాలు. రెండు వైపులా అంచులు కలుపుకుంటే మొత్తం సుమారు ఎనిమిది అంగుళాలు. దాని వెనుక లోతు నాలుగు అంగుళాలైతే, ఆనే ముఖం సరిగ్గా నడుమ ఉన్నట్లు. లోతు అంతకన్నా ఎక్కువైతే చక్రం లోపలికి పోయి స్ప్రింగుకో, స్టీరింగు కడ్డీకో తగలవచ్చు. తక్కువైతే బయటికి పొడుచుకొచ్చి మడ్‌గార్డుకు రాచుకుంటుంది. బేరింగు మీద భారం పెరుగుతుంది, స్టీరింగు చేతుల్లో గుంజుతుంది. కొనేముందు పాత చక్రం తీసి ఖాళీ ఎంతుందో కొలవాలి. బిగించాక, కారు బరువు చక్రాల మీద ఉండగా స్టీరింగును ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి చూడాలి. డిస్క్ బ్రేకులు వేయించినవారు, చక్రం లోపల వాటికి చోటుందో లేదో కూడా చూసుకోవాలి.

ఇప్పుడు రెండవ ప్రశ్న: ఈ కారుతో ఏం పని? ఏడాదికి నాలుగుసార్లు ప్రదర్శనకు తీసుకెళ్ళేదైతే ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రకమే మేలు. అక్కడి న్యాయనిర్ణేతలు చక్రం మీద ముద్రించిన తయారీ సంకేతాల దాకా పరిశీలిస్తారు. వారం వారం రోడ్డెక్కేదైతే రేడియల్ టైర్లు కావాలి. 1960ల కార్లు బయాస్ ప్లై టైర్ల మీద నడిచాయి. వాటి దారాలు ఏటవాలుగా అల్లి ఉంటాయి. రేడియల్ టైరు రోడ్డును గట్టిగా పట్టుకుంటుంది. మలుపులో చక్రం మీద ఎక్కువ బలం పడుతుంది. అందుచేత యాభై అరవై ఏళ్ళ నాటి ఉక్కు చక్రానికి రేడియల్ వేసేముందు పగుళ్ళున్నాయేమో, తుప్పు తిన్నదేమో తప్పక పరీక్ష చేయించాలి.

టైరు మాట వచ్చింది గనుక ఒక చమత్కారం. కన్నడంలో 'గాలి' అంటే చక్రం, 'గాళి' అంటే వీచే గాలి. ఇక్కడ రెండు భాషల మధ్య పెరిగిన మన చెవికి రెండూ ఒకటిగానే వినిపిస్తాయి. తప్పేం లేదు, బండి నడవాలంటే రెండూ కావాలి. గాలి నింపే టైరు వయసు కూడా చూడండి. టైరు పక్కగోడ మీద ఉండే సంకేతంలో చివరి నాలుగు అంకెలు తయారైన వారాన్నీ, సంవత్సరాన్నీ చెబుతాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారం అని అర్థం. కొద్దిగా తిరిగే పాత కారు టైరు అరగదు, కాని ముదిరిపోతుంది. గాడులు లోతుగా ఉన్నాయి కదా అని నమ్మరాదు.

పెద్ద చక్రాల మోజు సంగతి చెప్పుకోవాలి. ఆనాడు 14, 15 అంగుళాల చక్రాలు. ఈనాడు 17, 18 అంగుళాలవి వేస్తున్నారు. పెద్ద డిస్క్ బ్రేకులు పెట్టుకున్నవారికి అది అవసరమే. కాని టైరుతో కలిపి మొత్తం ఎత్తు మారకూడదు. 14 అంగుళాల చక్రానికి 215 వెడల్పు, 70 శాతం గోడ ఉన్న టైరు వేస్తే మొత్తం ఎత్తు 656.6 మిల్లీమీటర్లు. 17 అంగుళాల చక్రానికి 225 వెడల్పు, 50 శాతం గోడ ఉన్న టైరు వేస్తే 656.8 మిల్లీమీటర్లు. దాదాపు సమానం. ఈ లెక్క తప్పితే వేగం చూపే ముల్లు అబద్ధం చెబుతుంది. పైగా గోడ పలచనయ్యేకొద్దీ గుంతల దెబ్బ నేరుగా రిమ్ముకు తగులుతుంది.

చివరిది మూడవ ప్రశ్న: రూపం. దీనికి నేను చెప్పగల సూత్రం ఒక్కటే. కారు మాట్లాడే మాటనే చక్రం కూడా మాట్లాడాలి. ఆడంబరం వద్దని పుట్టిన రోడ్ రన్నర్‌కు సాదా ఉక్కు చక్రం నప్పుతుంది. కొద్దిగా దర్జా కలిగిన జి.టి.ఓ.కు ర్యాలీ టూ నప్పుతుంది. పందెపు వాసన ఉన్న ముస్టాంగ్‌కు టార్క్ థ్రస్ట్ నప్పుతుంది. ఆ రోజుల్లో కుర్రవాడు కారు కొని, మొదటి జీతాల్లోంచి డబ్బు మిగిల్చి క్రాగర్ చక్రాలు వేయించుకునేవాడు. కాబట్టి అవి ఫ్యాక్టరీవి కాకపోయినా ఆ కాలానివే, ఆ కారుకు పరాయివి కావు. ఆ కారుకూ కాలానికీ సంబంధం లేనిది, సన్నని ఆకులతో బండి సగం ఎత్తున నిలిచే మెరుపు చక్రం. పెళ్ళికొడుకు కన్నా బాసికం పెద్దదైనట్లుంటుంది.

ఏది వేసినా ఒక్కటి మరవవద్దు. విప్పిన పాత చక్రాలను తుక్కు కింద అమ్మేయకండి. తుడిచి, నూనె రాసి, తడి తగలని చోట భద్రపరచండి. మార్చిన చక్రాన్ని మళ్ళీ మార్చుకోవచ్చు. పారేసినదాన్ని తెచ్చుకోలేం. ఏ కార్ఖానా కార్మికుడో అచ్చు ఒత్తిన ఆ ఉక్కు, మూతపడిన ఒక కంపెనీకి మిగిలిన సాక్ష్యం.

మన దేశంలోనూ ఇలాంటి ప్రేమ ఉంది. హిందుస్థాన్ మోటార్స్ వారు 1984 నుంచి 2002 వరకు చేసిన కాంటెస్సాను అభిమానులు భారతీయ మజిల్ కారు అని ముద్దుగా పిలుచుకుంటారు. దానికి కొత్త చక్రాలు కొనేవారైనా, మామూలు చిన్న కారుకు అల్లాయ్ చక్రాలు వేయించేవారైనా ఈ మూడు ప్రశ్నలూ ఇదే వరుసలో వేసుకోవాలి. అంగడివాడు బిగించి ఇచ్చాక వంద కిలోమీటర్లు తిరిగి, నట్లను మరొక్కసారి సరైన బిగువుకు బిగింపించుకోవాలి. ఆ పనికి పట్టేది పది నిమిషాలు. ఎడ్లబండి తోలే మన పెద్దలు బయలుదేరేముందు ఇరుసు చివర చీల ఉందో లేదో చేత్తో తడిమి చూసేవారు. చక్రం ఆకులకు రంగులు వేసుకున్నది తర్వాతే.